ప్రతి మూడో పోగు

లాయరు గారి నల్లకోటు చెయ్యి ఊడిపోవడానికి కారణం మా వదినే అని నేను నలభై రోజుల పాటు నమ్మాను. నా కూతురు చెప్పినా వినలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని కూర్చున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ ఆ రోజుల్లో నాకు సిగ్గు లేదు, కోపమే ఉండేది. కోపం ఎవరి మీదో తెలుసు. ఎందుకో మాత్రం పూటకోరకంగా ఉండేది.

మాది రఫ్ఫు కొట్టు. బట్ట కాలితేనో, ఎలక కొరికితేనో, మేకు తగిలి చిరిగితేనో, అదే బట్టలోంచి పోగులు తీసి, పడుగుకు పడుగు, పేకకు పేక కలిపి, అక్కడ చిల్లే లేనట్టు చేసే పని. అతుకు వేరు, రఫ్ఫు వేరు. అతుకు అందరికీ కనబడుతుంది. మంచి రఫ్ఫు వేసిన మనిషికి కూడా కనబడకూడదు. ఈ పని నాకు తొమ్మిదో ఏట మా అమ్మ నేర్పింది. పోగులు కోటు లోపలి మడతలోంచి తీస్తాం. చాలామంది ఒక పక్క నుంచి వరసగా లాగేస్తారు. మా అమ్మ మాత్రం ప్రతి మూడో పోగే తీయించేది. "మూడోదాన్ని అప్పడుగు, మిగతా రెండూ బట్టను నిలబెడతాయి" అనేది. ఈ చుట్టుపక్కల అలా తీసేదాన్ని నేనొక్కదాన్నే.

కొట్టు మా ఆయనది. ఆయన పోయాక నేనూ, ఆయన అక్కా కలిసి నడుపుతున్నాం. ఆవిడే మా వదిన. ముందు బల్ల దగ్గర బట్టలు తీసుకోవడం, ఇవ్వడం, ఇస్త్రీ చేయడం, వచ్చినవాళ్లతో వాదించడం ఆవిడ వంతు. లోపల కిటికీ పక్కన కుర్చీ నాది. ఆవిడకు డెబ్బై ఒకటి, నాకు అరవై మూడు. నన్నింకా పిల్లా అనే పిలుస్తుంది. వీధిలో అందరూ ఆవిణ్ణి కత్తెరమ్మ అంటారు. ఆ కత్తెర చేతిలో ఉండేది కాదు, నోట్లో ఉండేది.

బట్ట రాగానే వదిన చీటీ రాసి గుచ్చుతుంది. నేను చిల్లు చుట్టూ తెల్లదారం వదులుగా కుడతాను. పని అయిపోయాక ఆ దారం లాగేస్తాను. తెల్లదారం ఉంటే పని ఉన్నట్టు, లేకపోతే అయిపోయినట్టు. మా ఆయన పోయాక యాభై నాలుగో ఏట నా కూతురి దగ్గర అక్షరాలు దిద్దుకుని చీటీలు చదవడం నేర్చుకున్నాను గానీ, అసలు నమ్మకం ఎప్పుడూ దారం మీదే.

ఒక వానపొద్దున కొట్టు మెట్టు మీద కాలు జారి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. మత్తిచ్చి ఒకటి నుంచి లెక్కపెట్టమన్నారు. నాలుగు దాకా గుర్తుంది. ఐదు ఏమైందో ఇప్పటికీ తెలియదు.

తరవాత సంగతి కొంత నాకు తెలిసింది, కొంత వాళ్లు చెప్పింది. రెండూ కలిసిపోయి ఏది ఏదో విడదీయలేకపోతున్నాను. పైకప్పు నిండా చిల్లులున్నాయి. అవి చిల్లులు కాదు, గాలి వచ్చే రేకు బొక్కలని నా కూతురంటుంది. నేను ఎవరిదో పెద్ద తెల్ల దుప్పటి కింద ఉన్నాను, అది సాయంత్రానికల్లా ఇచ్చేయాలి, ఎవరూ సూది ఇవ్వడం లేదు. నాకు గుర్తున్నది అదే. పక్క మంచం ఆవిడ మా అమ్మ అనుకున్నాను. ఆవిడ నాకన్నా చిన్నదట.

నేను పక్కదుప్పటి అంచు విప్పి పోగులు లాగుతుంటే నర్సు వచ్చిందట.

"పొద్దుట్నుంచీ ఒకటే పీకుడు. దుప్పటి సగం అయిపోయింది. చేతులు కట్టేద్దామా?" అందట నా కూతురితో.

మా వదిన దగ్గరికొచ్చి కళ్లజోడు పెట్టుకుని దుప్పటి చూసిందట. "పీకట్లేదు తల్లీ, పోగు తీస్తోంది. చూడు, రెండొదిలేసి మూడోది. మీ దుప్పట్లో చిల్లుందేమో వెతుక్కోండి, ఉంటే ఊరికే చేసిపెడుతుంది."

చేతులు కట్టలేదు. మర్నాడు వదిన ఇంటి నుంచి ఒక పాత గోనెగుడ్డ తెచ్చి నా ఒళ్లో పడేసిందట.

తొమ్మిదో రోజుకు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన చెప్పింది నా కూతురు కాగితం మీద రాసుకుంది కాబట్టి సరిగానే రాస్తున్నాను. ఎముక విరగడం, కోయడం, ఇవన్నీ ఒంటికి పెద్ద దెబ్బ. దాన్ని మాన్చుకోవడానికి ఒళ్లంతా ఒక వాపు పుడుతుంది. వయసు మీద పడినవాళ్లలో ఆ సెగ ఒక్కోసారి మెదడు దాకా పోతుంది. మత్తుమందు ఒక్కదాని పని కాదు. చాలామందికి రోజుల్లో తేరుతుంది, కొందరికి నెలలు పడుతుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది.

"వాపంటున్నారు, తల లావవలేదుగా?" అంది వదిన.

"లోపలి వాపమ్మా. పైకి కనబడదు."

"ఈవిడ చేసే రఫ్ఫు లాగే అన్నమాట" అంది. డాక్టరుకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఇంటికొచ్చాక నా కూతురు కొట్టు మానేసి తన దగ్గర ఉండిపొమ్మంది. వదిన ఒప్పుకోలేదు.

"చెయ్యి ఆగిపోతే మనిషి ఆగిపోతుందే. కుర్చీలో కూర్చోనీ. కూర్చున్నాక రెండు నెలలు చూద్దాం."

"రెండు నెలల్లో కుదరకపోతే అత్తా?"

వదిన చెంగు దులుపుకుని లేచింది. పక్కవీధిలో రఫ్ఫు తెలిసిన అమ్మాయి ఒకత్తి పని కోసం అడుగుతోందని నాకప్పటికే తెలుసు. రఫ్ఫు లేకుండా కొట్టు లేదు. నేను చెయ్యలేకపోతే ఆ అమ్మాయి నా కుర్చీలో కూర్చుంటుంది. అప్పటి నుంచీ నా బుర్రలో మిగతావన్నీ వచ్చిపోతున్నా ఇదొక్కటి మాత్రం దిగేసిన మేకులా ఉండిపోయింది: కుర్చీ పోతుంది, వదిన దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

ఆరు వారాల తరవాత చేతికర్ర పట్టుకుని కొట్టుకు వెళ్లాను. నా కిటికీ, నా భూతద్దం, నా సూదుల డబ్బా అన్నీ ఉన్నాయి. కానీ అంతా ఎవరో ఒక వేలెడు పక్కకు జరిపినట్టుంది. సూది కోసం కుడిపక్క చెయ్యి పెడితే డబ్బా ఎడమపక్క ఉండేది. అది నలభై ఏళ్లుగా ఎడమపక్కే ఉందట.

చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. సూది ఎక్కించడం, పోగు పక్కన పోగు నడిపించడం వాటికి తెలుసు. నాకే ఆ పని మొదలెట్టానా, మధ్యలో ఉన్నానా, అయిపోయిందా అన్నది తెలిసేది కాదు. టీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి, అంతకు ముందున్న పొద్దంతా ఎవరో మడతపెట్టి తీసుకుపోయినట్టుండేది.

అలాంటప్పుడు ఒక బుధవారం లాయరు గారు నల్లకోటు తెచ్చాడు. మోచేతి దగ్గర సిగరెట్టు కాలిన చిల్లు.

"సోమవారం నాకు పెద్ద వాయిదా ఉందమ్మా. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తా" అన్నాడు.

"మీరు మానేస్తానన్న సిగరెట్టేనా ఇది?" అంది వదిన.

"మానేశానమ్మా. ఇది మానేసిన రోజు ఆఖరుది."

"ఆ ఆఖరుది మీ కోటు మానలేదు."

నలుపు మీద నలుపు పొద్దుటి వెలుతురులోనే చెయ్యాలి. గురువారం పొద్దున చేశాను. ఎడమ చెయ్యి భుజానికి కలిసే చోట లైనింగు కొంచెం విప్పి, లోపలి మడతలోంచి పోగులు తీసి, చిల్లు పూడ్చి, లైనింగు మూసి, తెల్లదారం లాగేశాను. వదిన ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించింది. ఇదంతా వదిన చెప్పింది. నాకు గుర్తులేదు.

నాకు గుర్తున్నది శుక్రవారం పొద్దున. వదిన బయట ఎవరితోనో వాదిస్తోంది. హ్యాంగరు మీద నల్లకోటు ఉంది. చీటీ మీద లాయరు గారు అని ఉంది. మోచేతి దగ్గర సిగరెట్టు చిల్లు అని నాకు బాగా తెలుసు. కోటు బల్ల మీద పరుచుకుని చూస్తే చిల్లు లేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాను. తెల్లదారం కూడా లేదు. తెల్లదారం లేకపోతే అయిపోయినట్టే కదా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించింది వేరు. వదిన దారం తీసేసిందని, నేను చిల్లు కనుక్కోలేకపోతే ఆ అమ్మాయిని కూర్చోబెట్టవచ్చని. సరే, చిల్లు తరవాత వెతుక్కుందాం, ముందు పోగులు తీసిపెట్టుకుందామని లైనింగు విప్పాను.

ఎన్నిసార్లు విప్పి, మళ్లీ మూసి హ్యాంగరుకు తగిలించానో నాకు తెలియదు. శనివారం తీశానేమో. ఆదివారం కూడా తీశానేమో. తీసిన నల్లపోగులు నా జేబులో ఉండలు ఉండలుగా దొరికాయి. అవి వదినే పెట్టిందనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం లాయరు గారు వచ్చాడు. కోటు తొడుక్కుని ఉన్నాడు. కోటు ఎడమ చెయ్యి మాత్రం ఆయన కుడిచేతిలో ఉంది.

"అమ్మా, చిల్లు అద్భుతంగా పూడింది. వెతికినా దొరకలేదు. జడ్జి గారి ముందు నిలబడి, మహాప్రభో అని చెయ్యెత్తాను. నా చెయ్యి లేచింది. కోటు చెయ్యి లేవలేదు."

ఆ చేతిని బల్ల మీద పెట్టాడు. చచ్చిన చేపలా ఉంది.

"జడ్జి గారు ఏమన్నారు?" అంది వదిన.

"వాదన బలంగా ఉంది, కుట్టు బలంగా లేదన్నారు."

వదిన ఆ చేతిని లోపలికి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు నేను కుర్చీలోంచే అన్నాను.

"అది నా పని కాదు లాయరు గారూ. నేను కోటు ముట్టుకోలేదు. ఆవిడే విప్పింది. నన్ను ఇక్కడి నుంచి లేపేయాలని చూస్తోంది. చిల్లు కూడా దాచేసింది."

మా వదిన మాట పడే మనిషి కాదు. ఒకటంటే నాలుగంటుంది. ఆ రోజు నా వైపు చూసి, తల దించుకుని, "అవును లాయరు గారూ, నా వల్లే. ఇస్త్రీ వేడెక్కువైంది, మడత మాడి వదిలేసింది. వాయిదాలకి వేరే కోటు ఉందిగా, ఇది ఉంచండి. బాగుచేసి ఇస్తాం" అంది.

చూశారా, ఒప్పుకుంది అన్నాను. ఆయన ఇద్దరినీ చూసి, చేతిని అక్కడే వదిలి, ఒంటిచేతి కోటు విప్పి ఇచ్చి వెళ్లాడు. నాకు ఆ పూట గెలిచినట్టుంది. ఆ తరవాత ప్రతి పూటా ఆ గెలుపే తలుచుకున్నాను. మిగతావి మరిచిపోయినా, వదిన ఒప్పుకోవడం మరిచిపోలేదు. నా కూతురికి వారంలో నాలుగుసార్లు చెప్పాను.

"అత్త నీకోసం అలా అందేమో అమ్మా" అంది ఒకసారి.

"నాకోసమా? నా కుర్చీ కోసం" అన్నాను.

మర్నాటి నుంచి వచ్చిన బట్టలన్నీ వదిన బీరువాలో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టింది. నాకు రోజుకొకటే ఇచ్చేది. ముదురు గోధుమరంగు ఉన్నికోటు. చీటీ మీద కొత్తాయన అని ఉండేది.

"ఎవరీ కొత్తాయన?"

"కొత్తగా వచ్చాడు. చుట్టుపక్కల ఎక్కడో ఉంటాడు."

"నిన్న కూడా ఇచ్చాడు కదా ఇది?"

"మళ్లీ చిల్లు పడింది."

"రోజూ ఎక్కడ పడతాడు ఈ మనిషి, ముళ్లకంపలోనా?"

"పురుగుల్ని పెంచుకుంటున్నాడేమో. నీకెందుకు, పూడ్చు."

చేసేదాన్ని. మొదట్లో ఒక్క చిల్లుకు పొద్దంతా పట్టేది. పూడ్చిన చోటే మళ్లీ పూడ్చానని ఒకసారి వదిన కోటు నా చేతిలోంచి లాక్కుంది. ఒకసారి చిల్లే లేని చోట రఫ్ఫు వేశాను. పని అయ్యాక వదిన వచ్చి చూసి, తెల్లదారం తనే లాగి, కోటు పట్టుకుపోయేది. ఆ దారం లాగడం నా హక్కు. దాని మీద కూడా గొడవ పడ్డాను. సాయంత్రాలు ఇల్లు చేరేసరికి, ఆ రోజు కొట్టుకు వెళ్లానా లేదా అని, నన్ను చూడటానికి వచ్చిన నా కూతుర్ని అడిగేదాన్ని. అది నా వేళ్లు చూసి చెప్పేది. సూదిగుర్తులుంటే వెళ్లినట్టు.

అలా రోజులు గడిచి చలి మొదలైంది. ఒక పొద్దున కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. వదిన పాత శాలువా కప్పుకుని వణుకుతూ వచ్చింది. ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంటే చేతులు దానికి దగ్గరగా పెట్టుకుంది.

"నీ కోటేది వదినా?"

"బిగుతైపోయింది."

"నువ్వు చిక్కిపోతే కోటు బిగుతైందా?"

"కోటు కూడా చిక్కింది. పని చూసుకో పిల్లా."

నా ఒళ్లో గోధుమరంగు కోటుంది. దాన్ని అప్పుడు చూశాను, అంటే కొత్తాయన కోటుగా కాకుండా ఉత్త కోటుగా చూశాను. మెడపట్టీ కింద ఆకుపచ్చ గుండీ ఒకటి. అసలు గుండీ పోతే అది నేనే కుట్టాను, ఐదేళ్ల కింద, మా వదిన కోటుకు. ఆకుపచ్చ ఏంటే, చిలకలా ఉంది అని తిట్టింది కూడా.

లైనింగంతా విప్పేశాను. రఫ్ఫు పైకి కనబడదు గానీ లోపలివైపు దాగదు. పోగుల కొసలు చిన్న గడ్డిదుబ్బుల్లా నిలబడి ఉంటాయి. కిటికీ వెలుగులో పెట్టి లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పాను, మూడోసారి చాక్‌పీసుతో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. ఎడమ జేబు దగ్గర మొదటివి చూడబుద్ధి కాదు. పడుగు మీద పేక పడ్డట్టు కాదు, కోడి గీకినట్టుంది. ఒకదాని మీద ఒకటి మూడు వరసలు వేసినవి ఉన్నాయి. అక్కడి నుంచి వీపు మీదికి వచ్చేసరికి కొంచెం కొంచెంగా తిన్నబడ్డాయి. కుడిచేతి కింద ఆఖరి ఐదారు, మా అమ్మ చూసినా ఊరుకునేవి. చిల్లులన్నీ ఒకే కొలత, కత్తెర మొన పొడిచి తిప్పినంత.

అదే కోటుకు ఎడమ భుజం దగ్గర మడత చూశాను. మూడో పోగు లేదు. తరవాత మిగిలిన రెండింట్లోంచి కూడా పోయాయి. ఆ మడత దువ్వెనలా అయిపోయింది.

నాకు అప్పుడు ఏదో తెలిసింది, కానీ ఏం తెలిసిందో వెంటనే పట్టుకోలేకపోయాను. లేచి, కర్ర పట్టుకుని ముందుకు వెళ్లాను.

"బీరువా తాళం ఇవ్వు వదినా."

"ఎందుకు?"

"లాయరు గారి కోటు చెయ్యి చూడాలి."

వద్దంటుందనుకున్నాను. ఇచ్చింది.

నల్లకోటు చెయ్యి లోపలికి తిప్పి భూతద్దం పెట్టాను. మడత మాడలేదు. ఇస్త్రీ వేడికి మాడిన ఉన్ని ఎలా ఉంటుందో నాకు తెలుసు, వాసన కూడా తెలుసు. ఇక్కడ పోగులు లేవు. ప్రతి మూడోదీ లేదు. మిగిలినవాటిలో మళ్లీ ప్రతి మూడోదీ లేదు. మళ్లీ. ఇక కుట్టు పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. ఈ చుట్టుపక్కల పోగు అలా తీసేది ఒక్కతే.

"ఇది నేనే తీశాను" అన్నాను.

"ఇప్పటికి తెలిసిందా?" అంది వదిన, ఇస్త్రీపెట్టె కింద పెట్టకుండానే.

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"ఆయన నాలుగు కోర్టుల్లో తిరిగే మనిషి. ఇస్త్రీ చెడిందంటే ఇంకోసారి ఇస్త్రీ చేయిస్తారు. రఫ్ఫు ఆవిడకి మతి చెడిందంటే మళ్లీ ఎవరొస్తారు?"

"నేను నిన్ను అన్ని మాటలంటుంటే..."

"అన్నావు. దొంగ అన్నావు. చిల్లు దొంగ అన్నావు. డెబ్బై ఏళ్లలో చాలా అనిపించుకున్నాను గానీ చిల్లు ఎత్తుకుపోయానని ఎవరూ అనలేదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. "నీ కోటు పాడు చేసుకున్నావు" అన్నాను.

"పరాయి కోటు ఇస్తే నమ్మకం ఏముంది? ఆ గుమ్మం దగ్గర ఇంకో చెయ్యి ఊడి నిలబడితే ఈసారి నా ఇస్త్రీ కూడా సరిపోదు."

ఆ అమ్మాయి సంగతి అడిగాను. పక్కవీధి అమ్మాయి.

"వచ్చి అడిగింది. నువ్వు కుర్చీలో కూర్చున్న రోజు నుంచి రెండు నెలలు ఆగమన్నాను. నిన్నటితో అయ్యాయి."

ఆ చేతినే పట్టుకుని నిలబడ్డాను. నా చేతులు చెయ్యగలవు. ఆ ఆఖరి ఐదారు చిల్లులు చెప్పాయి. కానీ అవి చేశాయని నాకు గుర్తుండటం లేదు. అవి చూసే దాకా నాకు తెలియలేదు. రేపు మళ్లీ తెలియకపోవచ్చు. డాక్టరు కొంచెం మిగిలిపోతుందన్నది ఇదేనేమో, కాదేమో.

"తెల్లదారం నేనే కడతాను" అన్నాను చివరికి. "పని అయ్యాక అదే చోట ఎర్రదారం కడతాను. దాన్ని నేను తీయను. నువ్వే, మనిషి వచ్చి తీసుకెళ్లేటప్పుడు, ఆయన ఎదురుగా తీయి. ఎర్రదారం ఉన్నదాన్ని నేను ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే?"

"వేళ్ల మీద కొట్టు."

"అది చెప్పక్కర్లేదు" అంది. నా కుర్చీ మీది నుంచి తన కోటు తీసుకుని తొడుక్కుంది. లైనింగు వేలాడుతోంది. "వెనకాల గాలి కొడుతోంది, సాయంత్రానికి మూసిపెట్టు." ఆ అమ్మాయికి ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. కుర్చీ మాత్రం కిటికీ దగ్గరే ఉంది, నేనే కూర్చుంటున్నాను.

లాయరు గారి కోటుకు మడత కొత్తగా నేయాల్సి వచ్చింది. కోటు కింది అంచులోంచి పోగులు తీశాను. వదిన పక్కన నిలబడి ఒకటి, రెండు, తీయి, ఒకటి, రెండు, తీయి అని లెక్కపెట్టింది. పదకొండు పొద్దులు పట్టింది. ఎర్రదారం కట్టి, ఆయన రాగానే, కోటు ఎవరు పాడు చేశారో ఆయనకు నేనే చెప్పాను. ఆయన కోటు తొడుక్కుని, చెయ్యి పైకెత్తి, కిందికి దించి, మళ్లీ ఎత్తాడు.

"నాకు ఆ రోజే తెలుసమ్మా" అన్నాడు. "సాక్షి అబద్ధం చెబితే గుర్తుపట్టడమే నా పని. మీ వదిన గారికి అబద్ధం అలవాటు లేదు."

ఆ కోటు మళ్లీ తిరిగొచ్చింది, ఈసారి జేబు దగ్గర చిల్లుతో. మళ్లీ ఆఖరి సిగరెట్టేనట. మొన్న పూర్తి చేశాననుకుంటాను. హ్యాంగరు మీద ఉంది. ఇవాళ పొద్దున దాన్ని చూడగానే నా చెయ్యి దాని మీదికి పోయింది. జేబు దగ్గర ఎర్రదారం ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. టీ తాగి గ్లాసు కింద పెట్టాక మళ్లీ పోయింది. మళ్లీ ఎర్రదారం ఉంది.